జాజ్ గాథలు: ఒప్పందంలో చిక్కిన గొంతు

గత సంచికలో ఆల్బర్టా హంటర్ కథ చదివారు. పాట మానేసి ఇరవై ఏళ్లు న్యూయార్క్‌లో నర్సుగా పనిచేసి, 1977లో 82 ఏళ్ల వయసులో మళ్లీ క్లబ్బులో మైకు అందుకున్న మనిషి ఆమె. మానడం ఆమె ఇష్టం, మళ్లీ మొదలుపెట్టడమూ ఆమె ఇష్టమే. ఈసారి చెప్పబోయే మనిషికి ఆ వెసులుబాటు దక్కలేదు. జిమ్మీ స్కాట్ పాడినంత కాలం పాడాలనే అనుకున్నాడు. కానీ అతను పాడిన రికార్డులు దుకాణాలకెళ్లి వెనక్కొచ్చాయి. ఒకసారి కాదు, రెండుసార్లు. 65 ఏళ్ల వయసులో ఒక స్నేహితుడి అంత్యక్రియల్లో పాడిన పాట అతన్ని మళ్లీ లోకం ముందు నిలబెట్టింది. అమెరికా పత్రికలు దాన్ని అద్భుతంగా వర్ణించాయి. నాకు మాత్రం చాలా ఆలస్యంగా తీరిన పాత బాకీలా కనిపిస్తుంది.

జేమ్స్ విక్టర్ స్కాట్ 1925 జూలై 17న ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. పదిమంది పిల్లల్లో మూడోవాడు. తల్లి జస్టీన్ పియానో దగ్గర కూర్చుంటే పిల్లలు చుట్టూ చేరి పాడేవాళ్లు. అతని మొదటి గురువు ఆమే, మొదటి వేదిక చర్చి. అతనికి పదమూడేళ్లప్పుడు, తాగి కారు నడిపిన ఓ మనిషి ఆమెను పొట్టనబెట్టుకున్నాడు. ఇల్లు చెదిరిపోయింది, పిల్లలు తలో చోటికీ చేరారు. తల్లి లేని బిడ్డ గురించిన పాత నీగ్రో ఆధ్యాత్మిక గీతం ఒకటుంది. దాన్ని స్కాట్ జీవితమంతా పాడుతూనే ఉన్నాడు.

ఆ ఇంటిని మరో కష్టం కూడా వదల్లేదు. వయసొచ్చే కొద్దీ తోటి కుర్రాళ్లు ఎదుగుతుంటే జిమ్మీ అక్కడే ఆగిపోయాడు. మీసం మొలవలేదు, మగగొంతు రాలేదు, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాల దగ్గర నిలిచిపోయింది. దీన్ని వైద్యులు కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. పిండం ఎదిగే దశలో కొన్ని నాడీకణాలు ముక్కు ప్రాంతంలో పుట్టి అక్కణ్నుంచి మెదడులోకి వెళ్లాలి. యవ్వనాన్ని మొదలుపెట్టే హార్మోనును తర్వాత తయారుచేసేవి ఆ కణాలే. అవి దారిలో ఆగిపోతే యవ్వనం రాదు, చాలామందికి వాసన కూడా తెలియదు. వంశపారంపర్యంగా వచ్చే ఈ స్థితిని ఫ్రాంజ్ కాల్‌మన్ అనే వైద్యుడు 1944లో వివరించాడు. జిమ్మీకి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఊళ్లో కుర్రాళ్లు పెట్టే పేర్లకు మాత్రం వైద్యశాస్త్రంతో పనేముంది?

అలా మిగిలిన గొంతు పిల్లాడిదీ కాదు, ఆడమనిషిదీ కాదు. పై స్థాయిలో తేలిగ్గా తిరిగే ఆ గొంతులో పెద్దవయసు దుఃఖం ఉండేది. రేడియోలో విన్నవాళ్లు ఎవరో గాయని అనుకునేవాళ్లు. గొంతు కన్నా విచిత్రమైనది అతని కాలప్రమాణం. జాజ్ గాయకులు తాళానికి కాస్త వెనగ్గా పాడడం మామూలే. స్కాట్ మాత్రం తాళాన్ని ముందు పోనిచ్చి, మాటను పట్టుకుని అక్కడే నిలబడేవాడు. వెనక వాయించేవాళ్లకు ఇక ఈ చరణం తప్పిపోయాడేమో అనిపించేది. ఆఖరి క్షణంలో మాట పూర్తిచేసి తాళాన్ని అందుకునేవాడు. విలంబకాలంలో పాడడం ఎంత కష్టమో మన సంగీతం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దమ్ము చాలకపోయినా, నమ్మకం చాలకపోయినా పాట కూలిపోతుంది. అతని పాట కూలేది కాదు.

1940లలో కాల్డోనియా పేరుతో ప్రసిద్ధురాలైన నర్తకి ఎస్టెల్ యంగ్ బృందంతో కలిసి ఊరూరా తిరిగాడు. నల్లవాళ్ల కోసం నడిచిన క్లబ్బులు, నాటకశాలలు, డేరాలు ఆ రోజుల్లో వాళ్ల వేదికలు. 1948లో వైబ్రాఫోన్ విద్వాంసుడు లియోనెల్ హాంప్టన్ తన పెద్ద బ్యాండులోకి తీసుకున్నాడు. 'లిటిల్ జిమ్మీ స్కాట్' అని పేరు పెట్టిందీ హాంప్టనే. ఇరవై మూడేళ్ల మనిషిని పిల్లవాడిగా చూపిస్తే జనం వస్తారన్నది లెక్క. ఆ 'లిటిల్' చాలా ఏళ్లు అతన్ని వదల్లేదు.

హాంప్టన్ బృందంతో 1949 చివర్లో రికార్డు చేసిన 'ఎవ్రీబడీస్ సమ్‌బడీస్ ఫూల్' 1950లో నల్లవాళ్ల సంగీతపు జాబితాలో మొదటి పది స్థానాల్లోకి చేరింది. దేశమంతా విన్నది అతని గొంతు. డెక్కా కంపెనీ రికార్డు మీద ఉన్నది మాత్రం హాంప్టన్ పేరు, 'గాయకులు' అనే మాట. ఎవరా గాయకుడు? కొనుక్కున్నవాడికి తెలిసే దారి లేదు. అదే ఏడాది న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో శాక్సఫోన్ మహావిద్వాంసుడు చార్లీ పార్కర్ పక్కన నిలబడి గెర్ష్విన్ పాట ఒకటి పాడాడు. చాలాకాలానికి అది ఎల్పీగా వచ్చినప్పుడు ఆ పాట చబ్బీ న్యూసమ్ అనే గాయని పేరుతో అచ్చయింది. ఒకచోట పేరే లేదు, మరోచోట వేరొకరి పేరు, అదీ ఆడమనిషి పేరు.

దీన్ని దురదృష్టం అని సరిపెట్టుకోవడం తేలిక. అప్పట్లో బ్యాండు నాయకుడి పేరుతోనే రికార్డు అమ్ముడయ్యేది, గాయకుడు జీతగాడు. పాటకు ఇంత అని చేతిలో పెడితే వ్యవహారం ముగిసినట్టే. అమ్మకాల మీద వాటా రావాలంటే పేరుండాలి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, లెక్కలు చూసే లాయరుండాలి. స్కాట్‌కు పేరే ఇవ్వలేదు. తీరా ఒప్పందం దొరికాక, అది ఏమీ లేనప్పటి కన్నా ఎక్కువ కీడు చేసింది.

ఆ ఒప్పందం సవాయ్ కంపెనీది. 1942లో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్‌లో హెర్మన్ లుబిన్‌స్కీ దాన్ని స్థాపించాడు. అంతకుముందు అతనిది రేడియో సామాన్ల వ్యాపారం. చార్లీ పార్కర్ గొప్ప రికార్డింగుల్లో కొన్ని సవాయ్ పేరుతోనే వచ్చాయి. సువార్త గీతాల్లోనూ ఆ కంపెనీకి పెద్ద పేరుంది. అంత మంచి సంగీతం వెలువడిన కంపెనీ యజమాని గురించి అందులో పాడినవాళ్లెవరైనా మంచిమాట చెప్పిన దాఖలా అరుదు. పైసా రాలని మనిషి అన్నది అందరి మాట. 1955లో స్కాట్ అతని దగ్గర సంతకం పెట్టాడు. కొన్ని చక్కటి రికార్డులు వచ్చాయి, కానీ వాటికి ప్రచారం లేదు, చేతికి డబ్బూ పెద్దగా రాలేదు. కొన్నాళ్లకు ఆ ఒప్పందం నుంచి తనకు స్వేచ్ఛ వచ్చేసిందనే స్కాట్ అనుకున్నాడు. లుబిన్‌స్కీ లెక్క వేరు. అతని దృష్టిలో స్కాట్ సవాయ్ సొత్తు.

ఈ తేడా 1960ల మొదట్లో బయటపడింది. రే చార్లెస్ అప్పటికి తిరుగులేని తార. సొంతంగా టాంజరీన్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. స్కాట్ అంటే అతనికి ఎంతో అభిమానం. 1962లో లాస్‌ఏంజిలిస్‌కు పిలిపించి, మార్టీ పేచ్, జెరాల్డ్ విల్సన్‌ల చేత వాద్యబృందం కూర్పులు రాయించి, పది పాటలు రికార్డు చేయించాడు. పియానో దగ్గర తానే కూర్చున్నాడు. అంతటి గాయకుడు మరొకరి పాట కోసం నోరు మూసుకుని పియానో వాయించాడు. 'ఫాలింగ్ ఇన్ లవ్ ఈజ్ వండర్‌ఫుల్' అని దానికి పేరు. తీగవాద్యాలు నెమ్మదిగా పరుచుకుంటుంటే స్కాట్ గొంతు వాటి మీద తొందర లేకుండా నడుస్తుంది. అతని జీవితంలో అతిగొప్ప పని అదేనని చాలామంది విమర్శకుల మాట, నాదీ అదే మాట. అట్ట మీద స్కాట్ బొమ్మ వేయలేదు, మోడళ్ల జంట ఫొటో వేశారు.

రికార్డు దుకాణాలకు వెళ్లింది. లుబిన్‌స్కీ అడ్డం తిరిగాడు. ఈ మనిషి నాకు రాసిచ్చాడు, మీరెలా అమ్ముతారని కోర్టు బెదిరింపు పంపాడు. కొన్ని వారాలకే టాంజరీన్ సరుకును వెనక్కి తెప్పించింది. స్కాట్ అప్పుడు కొత్తగా పెళ్లయి భార్యతో విహారానికి వెళ్లాడు, తిరిగొచ్చేసరికి రికార్డు లేదు. ముందే అమ్ముడైన కొద్ది ప్రతులు తర్వాతి దశాబ్దాల్లో పాత రికార్డులు సేకరించేవాళ్ల మధ్య పెద్ద ధరలు పలికాయి. అందులో పాడినవాడికి రూపాయి రాలేదని వేరే చెప్పాలా?

రే చార్లెస్ ఎందుకు పోరాడలేదన్న ప్రశ్న పాఠకులకు వస్తుంది. వ్యాపారంగా చూస్తే జవాబు కష్టం కాదు. నెమ్మది పాటల రికార్డు ఎంత అమ్మినా లాయర్ల ఖర్చు రాదు. లుబిన్‌స్కీ లాంటివాడికి ఈ సంగతి బాగా తెలుసు. అతను కేసు గెలవక్కర్లేదు, వేస్తానంటే చాలు. అవతలి కంపెనీకి అది జాబితాలో ఒక రికార్డు, పాడినవాడికి బతుకు. చిన్న కంపెనీ రాసిన ఒక్క ఉత్తరానికి పెద్ద కంపెనీలు తలొగ్గిన కిటుకు ఇదే.

1969లో ఇదే నాటకం మళ్లీ నడిచింది. అట్లాంటిక్ కంపెనీలో జోయెల్ డోర్న్ అనే నిర్మాత 'ద సోర్స్' ఆల్బం తీశాడు. తల్లి లేని బిడ్డ పాట ఇందులో ఉంది. 1970లో విడుదలైంది. మళ్లీ లుబిన్‌స్కీ అభ్యంతరం, మళ్లీ కంపెనీ వెనకడుగు. 1972లో డోర్న్ మరికొన్ని పాటలు రికార్డు చేయించాడు. అవి గోదాములోనే ఉండిపోయి 1993లో గాని బయటికి రాలేదు. లుబిన్‌స్కీ 1974లో చనిపోయాడు. ఆ మరుసటేడు సవాయ్ పేరుతోనే స్కాట్ ఆల్బం ఇంకొకటి వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. అడ్డు తొలగేసరికి వినేవాళ్ల అభిరుచి మారిపోయింది.

మధ్యలో శరీరం కూడా ఒక వింత చేసింది. 37వ ఏట, అంటే రే చార్లెస్ దగ్గర పాడిన కాలంలోనే, స్కాట్ ఉన్నట్టుండి ఎదగడం మొదలుపెట్టాడు. ఎనిమిది అంగుళాలు పెరిగి 5 అడుగుల 7 అంగుళాలయ్యాడు. గొంతు మాత్రం మారలేదు.

పొట్ట గడవాలి కదా. క్లీవ్‌లాండ్ తిరిగొచ్చి ఆస్పత్రిలో అటెండరుగా, హోటల్లో లిఫ్టు నడిపేవాడిగా, సరుకు పంపే గుమాస్తాగా పనిచేశాడు. అప్పుడప్పుడు ఊళ్లో పాడేవాడు. ఈ కాలాన్ని అతని జీవితచరిత్ర రాసినవాళ్లు తొందరగా దాటేస్తారు. నిజానికి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేకపోవడమే ఇందులో విషాదం. మనిషి ఏ యాభయ్యో ఏట పనితనం పండిన దశలో ఉంటాడు, ఆ దశకు చెందిన రికార్డు దాదాపు లేదు. నలభైల గొంతు ఉంది, అరవైల గొంతు ఉంది, నడుమ ఉండాల్సిన గొంతు మనకు దక్కలేదు.

విచిత్రమేమిటంటే అతని పద్ధతి మాత్రం ఇతరుల గొంతుల్లో దేశమంతా తిరుగుతూనే ఉంది. ఒహైయోకే చెందిన నాన్సీ విల్సన్ పాట విరిచే తీరు స్కాట్ దగ్గర నేర్చుకున్నదే, ఆమే ఆ మాట ఒప్పుకుంది. మార్విన్ గే అతన్ని ఎంతో ఆరాధించాడు. ఫ్రాంకీ వాలీ పై స్థాయి గొంతుకూ అతనే ఆదర్శం. వాళ్ల రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాయి.

1980ల మధ్యలో స్కాట్ మళ్లీ న్యూజెర్సీ వచ్చి చిన్న క్లబ్బుల్లో పాడడం మొదలుపెట్టాడు. ఇక్కడ డాక్ పోమస్ గురించి చెప్పాలి. ఇతనూ 1925లోనే పుట్టాడు, బ్రూక్లిన్‌లో. చిన్నప్పుడే పోలియో వచ్చి ఊతకర్రలు, తర్వాత చక్రాల కుర్చీ. మొదట బ్లూస్ గాయకుడు, తర్వాత పాటల రచయిత. డ్రిఫ్టర్స్ బృందానికీ ఎల్విస్ ప్రెస్లీకీ అతను రాసిన పాటలు అమెరికాలో ఇంటింటా తెలుసు. స్కాట్‌తో పాత స్నేహం. ఈ గొంతు విని కూడా కంపెనీలు ఎందుకు ఊరుకుంటున్నాయని కనిపించినవాళ్లందరినీ నిలదీసేవాడు. బిల్‌బోర్డ్ పత్రికకు దీనిమీద బహిరంగంగా ఉత్తరం కూడా రాశాడు. చలనం లేదు.

1991 మార్చిలో పోమస్ చనిపోయాడు. న్యూయార్క్‌లో జరిగిన అంత్యక్రియలకు పాటల లోకంలోని పెద్దలందరూ వచ్చారు. స్కాట్ లేచి గెర్ష్విన్ సోదరుల పాత పాట 'సమ్‌వన్ టు వాచ్ ఓవర్ మీ' పాడాడు. కూర్చున్నవాళ్లలో సైర్ రికార్డ్స్ అధినేత సీమోర్ స్టెయిన్ ఉన్నాడు. మడోనాను లోకానికి పరిచయం చేసిన కంపెనీ అది. వెంటనే స్కాట్‌కు ఒప్పందం ఇచ్చాడు. పోమస్ బతికుండగా ఎంత మొత్తుకున్నా కదలని పరిశ్రమ, అతని శవపేటిక ముందు కదిలింది.

ఆ సభలోనే ఉన్న రాక్ గాయకుడు లూ రీడ్, పోమస్ మరణం నేపథ్యంగా తీసిన 'మ్యాజిక్ అండ్ లాస్' ఆల్బంలో స్కాట్ చేత పాడించాడు. అదే ఏడాది జూన్‌లో డేవిడ్ లించ్ టీవీ ధారావాహిక 'ట్విన్ పీక్స్' ఆఖరి భాగంలో స్కాట్ కనిపించాడు. ఎర్రటి తెరల గదిలో నిలబడి లించ్, ఆంజెలో బాదలమెంటీ కలిసి చేసిన పాట ఒకటి పాడతాడు. జాజ్ ఎరగని కుర్రకారు చాలామందికి అతను పరిచయమైంది ఆ దృశ్యంతోనే. ఆ కార్యక్రమంలోని వింతల్లో అతన్నీ ఒక వింతగా వాడుకున్నారన్న అనుమానం నాకుంది. పాట మొదలయ్యాక ఆ అనుమానం నిలవదు.

1992లో 'ఆల్ ద వే' వచ్చింది. నిర్మాత టామీ లిపుమా. పియానో కెనీ బారన్, బాస్ రాన్ కార్టర్, శాక్సఫోన్ డేవిడ్ న్యూమన్, తీగవాద్యాల కూర్పు జానీ మాండెల్. ఒక్కొక్కరూ ఆ వాద్యంలో మేటి. అరవై దాటిన స్కాట్ గొంతులో పాత నునుపు లేదు, అక్కడక్కడా జీర ఉంది, వణుకుంది. తాళం వెనక నిలబడే ఆ పాత అలవాటు మాత్రం ఇంకా ముదిరింది. గ్రామీ పురస్కారానికి నామినేషన్ దక్కింది.

తర్వాత పదేళ్లలో వరసగా ఆల్బంలు. ఆధ్యాత్మిక గీతాలతో 'హెవెన్', ప్రిన్స్, జాన్ లెనన్, ఎల్విస్ కాస్టెలో వంటివాళ్ల పాటలతో 1998లో 'హోల్డింగ్ బ్యాక్ ద ఇయర్స్', 2000 తర్వాత మైల్‌స్టోన్ కంపెనీకి పాత జాజ్ పాటలు. అన్నీ ఒకే స్థాయిలో లేవు. రాక్ పాటలు కొన్ని అతని ఒంటికి పట్టలేదని నా అభిప్రాయం. జపాన్ శ్రోతలు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. అక్కడి పర్యటన దృశ్యాలు 2002 నాటి 'ఇఫ్ యూ ఓన్లీ న్యూ' డాక్యుమెంటరీలో ఉన్నాయి. డేవిడ్ రిట్జ్ రాసిన జీవితచరిత్ర కూడా ఆ ఏడే వచ్చింది. రే చార్లెస్ తీసిన ఆల్బం మళ్లీ అచ్చయిందీ ఇంచుమించు అప్పుడే. నలభై ఏళ్లు పట్టింది. స్కాట్ దాన్ని కళ్లారా చూసుకున్నాడు, అదొక్కటే తృప్తి. 2007లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ 'జాజ్ మాస్టర్' గౌరవమిచ్చింది. జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక కూడా రికార్డింగులు చేశాడు. 2014 జూన్ 12న లాస్‌వేగస్‌లో, 88వ ఏట కన్నుమూశాడు. ఆఖరి రికార్డింగులు 2017లో 'ఐ గో బ్యాక్ హోమ్' పేరుతో వచ్చాయి.

ఆలస్యంగానైనా న్యాయం జరిగిందని ఈ కథను సంతోషంగా ముగించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1963లో ఆ రికార్డును దుకాణాల్లో ఉండనిచ్చి ఉంటే అతనికి లిఫ్టు నడపాల్సిన పని ఉండేది కాదు. జాజ్ గాయకుల చరిత్రలో అతని పేరు అధోసూచికలో కాకుండా పెద్ద అధ్యాయంలో ఉండేది. పురస్కారాలు పోయిన పాతికేళ్లను తెచ్చివ్వలేదు.

వినదలచిన పాఠకులు 'ఫాలింగ్ ఇన్ లవ్ ఈజ్ వండర్‌ఫుల్'తో మొదలుపెట్టి, 'ద సోర్స్' విని, ఆ వెంటనే 'ఆల్ ద వే' వినండి. రెండో దానికీ మూడో దానికీ మధ్య ఇరవై రెండేళ్ల ఖాళీ ఉందని గుర్తుంచుకోండి. వచ్చే సంచికలో, ఇదే హాంప్టన్ బృందంలో అదే కాలంలో పాడి, కంపెనీల సంగతి తెలిసొచ్చాక సొంత రికార్డు సంస్థే పెట్టుకున్న బెట్టీ కార్టర్ కథ.